చింక్వె తెర్రె: రాతిగోడల విహారసీమ

విహారయాత్రకు వెళ్ళినవారు ప్రకృతి సౌందర్యాన్ని చూసి పరవశిస్తారు. ఆ సౌందర్యం వెనుక మానవశ్రమ ఎంత ఉన్నదో ఆలోచించేవారు అరుదు. ఇటలీ దేశంలోని చింక్వె తెర్రె సీమను చూసినవారికి మాత్రం ఆ ఆలోచన రాక తప్పదు.

ఇటలీ వాయవ్య తీరంలో, జెనోవా నగరానికి ఆగ్నేయ దిశలో ఈ సీమ ఉన్నది. ‘చింక్వె తెర్రె’ అంటే ‘ఐదు నేలలు’ అని అర్థం. మాంటెరొస్సో, వెర్నాజ్జా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె అనేవి ఆ ఐదు ఊళ్ళు. వీటిలో నాలుగు సముద్రపుటొడ్డున ఉన్నాయి. కోర్నీల్యా మాత్రం సుమారు 100 మీటర్ల ఎత్తున కొండపై వెలసింది. రైలు దిగి కాలినడకన ఆ ఊరు చేరాలనుకునేవారు 382 మెట్లు ఎక్కాలి. 1975లో నోబెల్ సాహిత్య బహుమతి పొందిన కవి యూజీనియో మోంతాలె చిన్ననాటి వేసవులు గడిపింది మాంటెరొస్సోలోనే. అక్కడి సముద్రమూ, ఎండకు మాడిన రాళ్ళూ ఆయన కవిత్వంలో చోటుచేసుకున్నాయి.

ఈ ఊళ్ళ వెనుక కొండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. అక్కడ సాగుకు అనువైన చదును నేల లేదు. అందువల్ల సుమారు వెయ్యేళ్ళ క్రితమే రైతులు కొండవాలును మెట్లుమెట్లుగా తొలిచి, ప్రతి మెట్టుకూ రాతిగోడ కట్టి, ద్రాక్షతోటలు నాటడం మొదలుపెట్టారు. ఆ గోడలకు సున్నం గాని, సిమెంటు గాని వాడరు. ఒక రాయి మరొక రాయిని పట్టి ఉంచేలా నేర్పుగా పేరుస్తారు. వాననీరు రాళ్ళ సందుల గుండా మెల్లగా బయటికి పోతుంది. మట్టి మాత్రం నిలిచి ఉంటుంది. నీరు గోడ వెనుకనే నిలిచిపోతే, ఆ ఒత్తిడికి ఎంత గట్టి గోడైనా పగిలిపోతుంది.

శరదృతువు ఆరంభంలో ద్రాక్షకోత మొదలవుతుంది. ఇరుకైన ఆ మెట్ల మీదికి పెద్ద యంత్రాలు రాలేవు. గుత్తులను చేతితోనే కోయాలి. పూర్వం బుట్టలను మోసుకొని కొండ ఎక్కేవారు. ఇప్పుడు కొన్నిచోట్ల ఒంటిపట్టాపై నడిచే చిన్న బండ్లు ఆ భారాన్ని మోస్తున్నాయి. కొన్ని గుత్తులను గాలి ఆడే నీడలో ఎండబెట్టి, ‘షాక్కెత్రా’ అనే తియ్యని వైన్ తయారుచేస్తారు.

ఇంత కష్టానికి తగిన ప్రతిఫలం దక్కక, ఇరవయ్యవ శతాబ్దంలో అనేకులు సాగు మానుకున్నారు. యువకులు పట్టణాలకు వలసపోయారు. పర్యాటకం పెరిగాక, ఊళ్ళో మిగిలినవారిలోనూ చాలామంది బసలు, భోజనశాలలు నడపడానికే మొగ్గుచూపారు. సాగు ఆగిపోతే గోడను పట్టించుకునేవారు ఉండరు. జారిన రాయిని వెంటనే తిరిగి పేర్చకపోతే దాని పక్కరాయి కదులుతుంది. పై గోడ కూలితే కింది గోడపై పడుతుంది.

2011 అక్టోబరు 25న ఈ ప్రమాదం కళ్ళకు కట్టింది. కొద్ది గంటల్లో కురిసిన కుండపోత వానకు కొండచరియలు విరిగి, వెర్నాజ్జా, మాంటెరొస్సో వీధులు బురదతో, రాళ్ళతో నిండిపోయాయి. ప్రాణనష్టం కూడా జరిగింది. అంతటి వానను ఏ గోడా పూర్తిగా ఆపలేదన్నది నిజమే. అయినా, సాగు మానిన మెట్లపై నేల ఎక్కువగా జారినట్లు తరువాతి పరిశీలనలలో తేలింది.

యునెస్కో 1997లో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 1999లో ఇది జాతీయ ఉద్యానవనమైంది. ఇటలీతో సహా పలు దేశాలలో జీవించి ఉన్న ఈ రాతికట్టు విద్యకు 2018లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో స్థానం లభించింది. ప్రధానమైన తీరపు కాలిబాటపై నడిచేవారి నుండి వసూలయ్యే రుసుము బాటల నిర్వహణకు తోడ్పడుతున్నది.

అయితే బిరుదులు గోడలను నిలబెట్టలేవు. నాలుగు వేల లోపు జనాభా గల ఈ ఐదు ఊళ్ళకు ఏటా లక్షలాది యాత్రికులు వస్తున్నారు. వారిని రప్పిస్తున్నది ఆ పచ్చని మెట్లే. ఆ మెట్లను నిలుపుతున్నది తోటలో మిగిలిన కొద్దిమంది రైతులు. ఆ రైతు పండించిన పంటను కొని, అతని గోడపైకి ఎక్కకుండా బాటలోనే నడిచే యాత్రికుడు తాను చూసిన అందాన్ని మరొకరి కోసం మిగిల్చిపోతాడు.