కోడి రామమూర్తి గొప్పా? కరణం మల్లీశ్వరి గొప్పా?

శ్రీకాకుళం: రచ్చబండ వద్ద బలం మాట వస్తే ఈ ప్రాంతంలో రెండు పేర్లు తప్పవు. ఒకటి వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. రెండోది ఆమదాలవలస మండలం ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి. 2022లో జిల్లాలు విడిపోయి వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. ఇద్దరిలో ఎవరు మిన్న అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు.

పెద్దల ఓటు రామమూర్తికే. ఛాతీ పొంగించి ఇనుప గొలుసులు తెంపేవారు. రొమ్ముపై ఏనుగును ఎక్కించుకునేవారు. కదలబోయే కార్లను కదలకుండా ఆపేవారు. జనం ఆయనను 'కలియుగ భీముడు' అన్నారు. 1942లో కన్నుమూసినా, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే నిలిచింది.

కుర్రకారు ఓటు మల్లీశ్వరికి. ఆమె 1994, 1995లలో ప్రపంచ విజేత. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. పై ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలే! చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు నిలిపి ఉంటే బంగారు పతకం ఆమెదే. బరువు నిలవలేదు.

ఇద్దరినీ ఒకే త్రాసులో తూచడం ఎలా? రామమూర్తివి ప్రదర్శనలు. అక్కడ తూకం రాసే న్యాయనిర్ణేత లేడు. మల్లీశ్వరి పోటీలో బరువెత్తేవారి ఒంటి బరువుకూ లెక్క ఉంటుంది. మూడే అవకాశాలు. చూసినవారు చెప్పుకున్న బలం ఒకటి, తూచి రాసిన బలం మరొకటి.

అంతమాత్రాన రామమూర్తిని తగ్గించడం న్యాయం కాదు. ఆయన మంచి వయసులో ఉండగా జరిగిన 1908, 1912 ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీయే లేదు. 1916 క్రీడలు యుద్ధం వల్ల ఆగిపోయాయి. 1920లో ఆ పోటీ తిరిగి వచ్చేసరికి ఆయన నలభైకి చేరువయ్యారు. బరిలో దిగి ఉంటే ఏమి చేసేవారో ఎవరూ చెప్పలేరు.

మల్లీశ్వరికీ ఆ గతే పట్టేది. రెండుసార్లు ప్రపంచ విజేత అయినా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ఆమె వెళ్లే దారి లేదు. అప్పటికి మహిళలకు ఆ పోటీ పెట్టలేదు. తొలిసారి పెట్టింది సిడ్నీలోనే. దొరికిన ఆ మొదటి అవకాశాన్నే ఆమె పతకంగా మార్చారు.

కాబట్టి ఎవరు గొప్ప అన్న ప్రశ్న కంటే, ఎవరికి బరి దొరికింది అన్న ప్రశ్నే సబబు. ఆయన కాలంలో బరి లేదు. ఆమెకు ఆలస్యంగా దొరికింది. ఇప్పుడు మగపిల్లలకూ ఆడపిల్లలకూ బరి సిద్ధంగా ఉంది. ఊళ్లో బరువులెత్తే పిల్లకు ఒక ఇనుప కడ్డీ, నేర్పే గురువు, ఇంట్లో 'వెళ్లు' అనే మాట దొరికితే రచ్చబండ వాదనకు మూడో పేరు రావచ్చు.