'మిసిసిపీ మసాలా'కు 4కే మెరుగులు.. మన 'సంధ్యారాగం' నాలుగేళ్ల ముందే!

గూడూరు జంక్షన్‌లో రైలెక్కి చెన్నై, అట్నుంచి అమెరికా ఫ్లైట్. పిల్ల అక్కడి అబ్బాయినే ఇష్టపడితే? ఇంట్లో మొదలయ్యే గొడవే మీరా నాయర్ 'మిసిసిపీ మసాలా' (1991).

1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి వెళ్లగొట్టిన భారతీయ కుటుంబం అమెరికా మోటెల్‌లో బతుకుతుంటుంది. కూతురు మీనా (సరితా చౌదరి) నల్లజాతి యువకుడు డెమెట్రియస్ (డెంజిల్ వాషింగ్టన్)ని ప్రేమిస్తుంది.

క్రైటీరియన్ సంస్థ చేసిన 4కే రీస్టోరేషన్ 2022లో వచ్చింది. అంటే ఫిల్మ్‌ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా స్కాన్ చేసి, గీతలు, మరకలు తీసేసి, వెలిసిన రంగులు సరిచేయడం. ఆ పనిని మీరా నాయర్, కెమెరామన్ ఎడ్ లాక్‌మన్ దగ్గరుండి చూశారు. ఒంటి రంగే గొడవైన కథలో ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే మరి!

తెలుగులో జంధ్యాల 1987లోనే 'పడమటి సంధ్యారాగం' తీశారు. హీరోయిన్ విజయశాంతి. సంగీతం మన నెల్లూరు బాలు. హీరో థామస్ జేన్ అప్పటికి టీనేజ్ కుర్రాడు, తర్వాత హాలీవుడ్‌లో 'ది పనిషర్' అయ్యాడు. ఇక్కడా అడ్డుపడేది నాన్నే.

కాకపోతే జంధ్యాల సినిమాలో అల్లుడు తెల్లవాడు. నల్లజాతి అల్లుడనేసరికి మనవాళ్లలోనే బయటపడే వివక్షను మీరా నాయర్ దాచకుండా చూపించారు. అందుకే ముందు 'సంధ్యారాగం', ఆ తర్వాత 'మసాలా' చూడండి.