రౌటర్లు లేని ల్యాబ్‌లో నెట్‌వర్క్ పాఠం

ఇంజినీరింగ్ విద్యార్థులు ‘సీఎన్’ అని పొట్టిగా పిలుచుకునే సబ్జెక్టు కంప్యూటర్ నెట్‌వర్క్స్. ఓఎస్ అంటే కాస్త భయం, డీబీఎంఎస్ అంటే ఉద్యోగం గుర్తొస్తాయి. సీఎన్ అనగానే మాత్రం చాలామందికి గుర్తొచ్చేది బట్టీ. పరీక్షకు వారం ముందు పట్టుకున్నా గట్టెక్కించే థియరీ పేపరని సీనియర్లు జూనియర్లకు ధైర్యం చెబుతుంటారు. కొత్తగా చేరిన లెక్చరర్ చేతికి కూడా తరచూ అందేది పాత నోట్సే. సబ్జెక్టు స్వభావం వల్ల వచ్చిన పేరు కాదిది, దాన్ని నడిపే తీరు వల్ల వచ్చింది. ఆ తీరు వెనక కొన్ని అపోహలున్నాయి. వాటిలో కొన్ని విద్యార్థులవి, కొన్ని అధ్యాపకులవి, మరికొన్ని యాజమాన్యాలవి.

అపోహ: ఏడు పొరలు నోటికొస్తే సబ్జెక్టు వచ్చినట్టే

ఫిజికల్ నుంచి అప్లికేషన్ దాకా ఏడు పొరల పేర్లు వరసగా చెప్పించడం వైవాలో ఆనవాయితీ. చెప్పినవాడికి మార్కులు పడతాయి. కానీ ఆ ఏడు పొరల ఓఎస్ఐ నమూనాను ఐఎస్ఓ ప్రమాణంగా ప్రచురించింది 1984లో. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ 1983 జనవరి 1 నాటికే టీసీపీ/ఐపీకి మారిపోయింది. ఏడంతస్తుల ప్లాను అచ్చయ్యేసరికి పక్కవాళ్లు గృహప్రవేశం కూడా చేసేశారన్నమాట. ఓఎస్ఐ కోసం రాసిన ప్రోటోకాళ్లలో చాలావరకు కాలగర్భంలో కలిశాయి. సెషన్, ప్రెజెంటేషన్ అనే రెండు పొరలకు ఇంటర్నెట్‌లో విడిగా చోటే దొరకలేదు. కురోస్, రాస్ రాసిన ప్రసిద్ధ పాఠ్యపుస్తకం ఐదు పొరలతోనే పని నడుపుతుంది, అదీ పైనున్న అప్లికేషన్‌తో మొదలుపెట్టి కిందికి దిగుతుంది. టానెన్‌బామ్ పుస్తకం సైతం ఓఎస్ఐని, టీసీపీ/ఐపీని రెంటినీ విమర్శించి, అధ్యాయాలను మాత్రం ఐదు పొరల లెక్కన పేర్చుకుంటుంది.

ఏడు పొరల పట్టిక పూర్తిగా పనికిరానిదని కాదు. ‘లేయర్ 2 స్విచ్’, ‘లేయర్ 7 లోడ్ బ్యాలెన్సర్’ అనే మాటలు ఇంజినీర్ల నోట రోజూ వినిపిస్తాయి. పరిభాషగా అది బతికే ఉంది. అయితే వైవాలో ఒక్క ప్రశ్న మార్చి, బ్యాంకు వెబ్‌సైటుకు తాళం చిహ్నం తెచ్చిపెట్టే టీఎల్‌ఎస్ ఏ పొరలో ఉంటుందని అడిగి చూడాలి. అసలు చర్చ అక్కడ మొదలవుతుంది. 2021 మేలో ఆర్ఎఫ్‌సీ 9000గా వెలువడిన క్విక్ ప్రోటోకాల్ సంగతి ఇంకా చిత్రం. అది యూడీపీ మీద కూర్చుని, టీసీపీ చేసే పనిని, గుప్తీకరణను ఒకే మూటగా కట్టేసింది. యూట్యూబ్ చూసే విద్యార్థి ఫోనులో అది నడుస్తూనే ఉంటుంది, అతని రికార్డు పుస్తకంలో మాత్రం కనిపించదు.

అపోహ: లక్షలు పోసి రౌటర్లు కొంటేనే ల్యాబ్

ఈ మాట యాజమాన్యాల దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. రౌటర్లకు డబ్బు లేదంటారు, కాబట్టి సీ భాషలో బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ, లీకీ బకెట్ ప్రోగ్రాములు రాయించి ల్యాబ్ అయిందనిపిస్తారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 ల్యాబ్ జాబితాలో ఇవన్నీ ఉన్నాయి, వాటితో పాటు వైర్‌షార్క్, ఎన్‌మ్యాప్, ఎన్‌ఎస్2 కూడా ఉన్నాయి. మొదటివి మాత్రమే చేయించి రెండోవాటిని రికార్డులో రాయించి వదిలేస్తే ఆ తప్పు సిలబస్‌ది కాదు. ప్యాకెట్ ఒక్కటి కూడా కదలని నెట్‌వర్క్ ల్యాబ్ అలా తయారవుతుంది.

లైనక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అనే సదుపాయం ఉంది. ఒకే యంత్రంలో, ఎవరి ఐపీ అడ్రసు, ఎవరి రౌటింగ్ పట్టిక వారికి ఉన్న పదులకొద్దీ ‘కంప్యూటర్లను’ అది సృష్టించగలదు. దాని ఆధారంగా స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2010లో మినీనెట్‌ను లోకానికి పరిచయం చేశారు. ల్యాప్‌టాప్‌లో ఇమిడిపోయే నెట్‌వర్క్ అది, ఉచితం, సోర్సు కూడా అందరికీ అందుబాటులో ఉంది. లింకుకు 200 మిల్లీసెకన్ల ఆలస్యం, నూటికి ఒక ప్యాకెట్ నష్టం కల్పించి టీసీపీ వేగం ఎలా కూలబడుతుందో చూపించడానికి లైనక్స్‌లో ఉన్న నెట్‌ఎమ్ చాలు. బొమ్మలు కదిలిస్తూ నేర్పాలంటే సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగానే దొరుకుతుంది.

ఇంత చవకలో ఎంత దూరం పోవచ్చో చూడాలంటే జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌కు వెళ్లాలి. అక్కడ కమ్యూనికేషన్ నెట్‌వర్క్స్ కోర్సులో 2016 నుంచి విద్యార్థులే ఒక బుల్లి ఇంటర్నెట్ నడుపుతున్నారు. ఒక్కో బృందానికి ఒక్కో అటానమస్ సిస్టమ్ అప్పగిస్తారు, అంటే ఒక్కో బృందం ఒక్కో చిన్న ఇంటర్నెట్ కంపెనీ. ముందు తమ లోపలి రౌటర్లను ఓఎస్‌పీఎఫ్‌తో కలుపుకోవాలి. తర్వాత బీజీపీతో పొరుగు బృందాలతో సంబంధం కలుపుకోవాలి. ఎవరు కస్టమరు, ఎవరు ప్రొవైడరు, ఎవరి ట్రాఫిక్‌ను ఉచితంగా మోయకూడదు అనే లెక్కలన్నీ అమలు చేయాలి. ఎవరి నుంచి ఎవరికి దారి ఉందో ఒక పట్టికలో అందరికీ కనిపిస్తుంది. ఒక బృందం కాన్ఫిగరేషన్ తప్పితే ఆ దెబ్బ పొరుగువారికీ తగులుతుంది, వాళ్లు వచ్చి తలుపు తడతారు. ఇందులో రౌటర్లన్నీ సర్వర్ లోపల కంటైనర్లుగా నడిచే సాఫ్ట్‌వేరే. కోడ్‌ను ఈటీహెచ్ బయట పెట్టింది, ఇతర విశ్వవిద్యాలయాలూ వాడుకుంటున్నాయి.

ఇలాంటి బుల్లి ఇంటర్నెట్‌లో 2008 ఫిబ్రవరి 24 నాటి సంఘటనను ఎవరికీ నష్టం లేకుండా మళ్లీ జరిపి చూడొచ్చు. ఆ రోజు పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, 208.65.153.0/24 అనే దారి తన దగ్గరే ఉందని బయటి ప్రపంచానికి చాటేసింది. యూట్యూబ్ ప్రకటించినది అంతకన్నా పెద్ద /22 బ్లాకు. రౌటర్లు ఎప్పుడూ పొడవైన ప్రిఫిక్స్‌నే నమ్ముతాయి. దాంతో సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ ట్రాఫిక్ పాకిస్తాన్ వైపు పోయింది. లాంగెస్ట్ ప్రిఫిక్స్ మ్యాచ్ అనే రెండు మార్కుల ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఏ గైడులోనూ దొరకదు.

స్టాన్‌ఫర్డ్‌లో మరో పద్ధతి ఉంది. సీఎస్144 కోర్సులో విద్యార్థులు సీ++లో సొంతంగా టీసీపీ రాస్తారు, చివరికి అది నిజమైన ఇంటర్నెట్‌లోని సర్వర్లతో మాట్లాడాలి. పైతరగతి వారి కోర్సులో, అచ్చయిన పరిశోధన పత్రాల్లోని ఫలితాలను మళ్లీ రాబట్టి చూపించాలి. ఐదేళ్లలో 200 మందికి పైగా విద్యార్థులు 40కి పైగా పత్రాల మీద ఇలా పనిచేశారని ఆ అధ్యాపకులు 2017లో రాశారు.

అవన్నీ పెద్ద విశ్వవిద్యాలయాల భోగాలని పెదవి విరిచేవారు మన దక్షిణాదిలోని సూరత్‌కల్ ఎన్‌ఐటీ వైపు చూడాలి. అక్కడి అధ్యాపకుడు, విద్యార్థులు కలిసి రాసిన ఎఫ్‌క్యూ-పై అనే క్యూ నిర్వహణ మాడ్యూల్ 2020లో విడుదలైన లైనక్స్ 5.6 కెర్నల్‌లో చేరింది. అసలు మన దేశంలో నెట్‌వర్కును మొదట నడిపిందే విద్యాసంస్థలు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబయి ఎన్‌సీఎస్‌టీ వంటివి భాగస్వాములుగా ఎర్నెట్ 1986లో మొదలైంది. వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. నడిపేవారూ నేర్పేవారూ అప్పట్లో ఒకరే.

నిజం రౌటరు ముట్టుకోవడంలో, ఆర్‌జే45 క్రింపింగ్ చేతులారా చేయడంలో ఉన్న ఆనందం వేరు. అది ఒక పూట పని, దాన్నే ల్యాబ్ అంతా అనుకోకూడదు. మినీనెట్‌కూ హద్దులున్నాయి. అన్ని నోడ్లూ ఒకే ప్రాసెసరును పంచుకుంటాయి కాబట్టి వేగాల కొలతలు యంత్రం శక్తిని బట్టి తప్పుతాయి. ఆ సంగతి ముందే చెప్పాలి, లేదంటే ల్యాప్‌టాప్ అలసటను విద్యార్థి ప్రోటోకాల్ లోపం అనుకుంటాడు.

అపోహ: నెట్‌వర్క్స్ అంటే స్థిరపడిపోయిన శాస్త్రం, పదేళ్ల నాటి నోట్సుతో నడుస్తుంది

కొంత భాగం నిజంగానే నడుస్తుంది. చెక్‌సమ్ లెక్క మారలేదు. మారినవాటి జాబితా మాత్రం చిన్నది కాదు. క్లాస్ ఎ, బి, సి అడ్రసుల పద్ధతిని 1993లో సీఐడీఆర్ పక్కకు నెట్టింది. ‘ఈ అడ్రసు ఏ క్లాసుకు చెందుతుంది’ అనే ప్రశ్న మాత్రం ప్రశ్నపత్రాల్లో నేటికీ పదవీవిరమణ చేయలేదు. ఈథర్నెట్ అనగానే చెప్పే సీఎస్‌ఎంఏ/సీడీ కూడా అంతే. స్విచ్‌లు, ఫుల్ డ్యూప్లెక్స్ లింకులు వచ్చాక కేబుల్‌లో ప్యాకెట్లు ఢీకొనే సందర్భమే పోయింది. దాన్ని చరిత్రగా చెబితే ఎంతో బాగుంటుంది, వర్తమానంగా చెబితే తప్పు.

టీసీపీ కథ ఇంకా పదునైనది. 1981 నాటి ఆర్ఎఫ్‌సీ 793లో రద్దీ నియంత్రణ లేదు. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, కూతవేటు దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. లోపలి లింకులు చెడిపోలేదు. ప్యాకెట్లు చేరడం లేదని అందరూ మళ్లీ మళ్లీ పంపుతుండటమే జబ్బు. వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పత్రంలో ఆ వైద్యం ఉంది. ఈనాటి పుస్తకాల్లోని స్లో స్టార్ట్ అధ్యాయం అదే. ఆ తర్వాతా కథ ఆగలేదు. లైనక్స్ 2006లో క్యూబిక్ అనే రద్దీ నియంత్రణ పద్ధతిని డిఫాల్ట్‌గా పెట్టుకుంది, గూగుల్ 2016లో బీబీఆర్‌ను ప్రకటించింది. 2022 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 9293 వచ్చి పాత 793 స్థానాన్ని తీసుకుంది. ఆరోగ్యంగా ఉన్న టీసీపీ బొమ్మను నల్లబల్ల మీద గీసి వదిలేసే పాఠం కన్నా, అది ఎక్కడ కుప్పకూలిందో చెప్పే పాఠమే విద్యార్థికి గుర్తుంటుంది.

అపోహ: ఐపీవీ6 భవిష్యత్తులో వచ్చేది

సిలబస్‌లో ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుంది కాబట్టి దానికి ఈ పేరు. ఐపీవీ4 అడ్రసుల ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అడుగంటింది. గూగుల్ సేవలను వాడే భారతీయుల్లో సగానికి మించి ఐపీవీ6 మీదుగానే వస్తున్నారు. ప్రపంచంలో ముందు వరసలో ఉన్న దేశాల్లో మనదొకటి. తరగతిలో అందరినీ మొబైల్ డేటా ఆన్ చేసి తమ ఐపీ అడ్రసు చూసుకోమంటే, ఈ అపోహ అయిదు నిమిషాల్లో తీరిపోతుంది.

అపోహ: వైర్‌షార్క్, ఎన్‌మ్యాప్ హ్యాకర్ల పనిముట్లు

కొన్ని కాలేజీల్లో వీటి పేరెత్తితే సిస్టమ్ అడ్మిన్ ముఖం మాడుతుంది. వైర్‌షార్క్ 1998లో ఈథీరియల్ పేరుతో పుట్టి, 2006లో పేరు మార్చుకున్న విశ్లేషణ సాధనం. నెట్‌వర్క్ ఇంజినీరు చేతిలో అది డాక్టరు చేతి స్టెతస్కోపంత మామూలు. విద్యార్థి తన ల్యాప్‌టాప్ ట్రాఫిక్‌ను తాను చూసుకుంటే తప్పేమీ లేదు. హాస్టల్ వైఫైలో తోటివారి ట్రాఫిక్ పట్టడం, అనుమతి లేకుండా ఇతరుల సర్వర్లను స్కాన్ చేయడం వేరే సంగతి. అలాంటి పనులు 2000 నాటి ఐటీ చట్టం దాకా తీసుకెళ్లొచ్చు. ఎన్‌మ్యాప్ తయారుచేసినవారే సాధన కోసం స్కాన్‌మీ అనే సర్వర్‌ను తెరిచి ఉంచారు. అదీ వద్దనుకుంటే రెండు వర్చువల్ యంత్రాలు చాలు. మొదటి తరగతిలోనే ఈ గీత ఎక్కడుందో రాతపూర్వకంగా ఇస్తే అడ్మిన్‌కూ నిద్ర పడుతుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి నెట్‌వర్క్స్ అక్కర్లేదు, కావాలనుకుంటే సీసీఎన్‌ఏ చాలు

సీసీఎన్‌ఏ మంచి సర్టిఫికెటే. కానీ అది ప్రధానంగా ఒక కంపెనీ పరికరాల మీద చేయి తిరగడానికి ఉద్దేశించినది. ప్రోటోకాల్ అలాగే ఎందుకుంది అన్న ప్రశ్న విశ్వవిద్యాలయ కోర్సు వంతు. ఇక కోడ్ రాసేవారికి అవసరం లేదనే వాదనకు చిన్న లెక్క చాలు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదుకు అమెరికాలోని వర్జీనియా సరళరేఖలోనే సుమారు 13 వేల కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు తప్పవు. కేబుళ్లు వంకర దారిన పోతాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. పేజీ తెరుచుకోవడానికి ఒకదాని వెనక ఒకటిగా ఇరవై ప్రశ్నలు అడిగే ప్రోగ్రామ్ రాస్తే, వంద ఎంబీపీఎస్ కనెక్షన్‌ను వెయ్యికి పెంచినా వినియోగదారుడు రెండున్నర సెకన్లకు పైగా ఎదురుచూడాల్సిందే.

అపోహ: వీడియో పాఠాలుండగా అధ్యాపకుడెందుకు

వినడానికి కొరత లేదన్నది నిజమే. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ అధ్యాపకుల పాఠాలు ఉచితం. పీటర్సన్, డేవీల పుస్తకం ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంది. కోర్సు నడపడంలో ఖర్చయ్యేది పాఠం చెప్పే గంట కాదు, అసైన్‌మెంటు తయారుచేసే, దాన్ని దిద్దే గంటలు. అరవై మంది ఉన్న సెక్షన్‌కు ఒకే డిస్టెన్స్ వెక్టర్ ప్రోగ్రామ్ ఇస్తే అరవై ఒకేలాంటి జవాబులు వస్తాయి. ఈమధ్య చాట్‌బాట్లు ఆ శ్రమ కూడా తగ్గించాయి.

దీనికి మందు పెద్ద సాంకేతికతేమీ కాదు. రోల్ నంబరు చివరి రెండంకెలను బట్టి ఒక్కొక్కరికీ వేర్వేరు అడ్రసు బ్లాకు, వేర్వేరు టోపాలజీ ఇవ్వొచ్చు. ఫలితం సరిగ్గా ఉందో లేదో చిన్న స్క్రిప్టుతో పరీక్షించవచ్చు. తన యంత్రంలో తాను పట్టిన ప్యాకెట్ క్యాప్చర్‌ను సమర్పించి, అందులో ఏ ప్యాకెట్ రెండోసారి వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో రాయమనవచ్చు. వైవాలో ఏడు పొరలు అడగడానికి బదులు విద్యార్థి తయారుచేసిన నెట్‌వర్కులోనే ఒక లింకు తెంపి, ఇప్పుడు ఈ రెండు కంప్యూటర్ల మధ్య పింగ్ ఏ దారిన పోతుంది, ఎంత సేపటికి పోతుంది అని అడిగితే, సొంతంగా చేసినవాడు ట్రేస్‌రూట్ కొట్టి చూపిస్తాడు. సెక్షన్ మొత్తాన్ని ఇలా పరీక్షించడానికి రెండు పూటలు పడుతుంది. టైంటేబుల్‌లో ఆ రెండు పూటలను కేటాయించే అధికారం మాత్రం హెచ్‌వోడీదే.