లీగు ఎవరిది, జట్టు ఎవరిది?

శనివారం వచ్చిందంటే మన ఇళ్ళ ముందున్న కార్లలో సగం సాకర్ మైదానాల దారి పడతాయి. పిల్లల ఆట నియమాలు మనకి కాస్తో కూస్తో పట్టుబడ్డాయి గానీ, పెద్దవాళ్ళ లీగు ఎలా నడుస్తుందో చాలామందికి తెలియదు. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నాకు ఆటకన్నా దాని వెనకున్న అమరిక మీద ఆసక్తి ఎక్కువ. అందుకని 1996లోనే మొదలైన రెండు లీగుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఇక్కడి మేజర్ లీగ్ సాకర్, రెండోది దక్షిణాఫ్రికా ప్రీమియర్ సాకర్ లీగ్.

ఈ రెండు దేశాల ఆటకీ పాత చుట్టరికం ఉంది. సొవేటో కుర్రాడు కైజర్ మొటాంగ్ 1968లో అట్లాంటా చీఫ్స్ తరఫున ఆడాడు. ఆ ఏడు ఆ జట్టే విజేత. 1970లో స్వదేశంలో సొంత జట్టు పెట్టి, దానికి కైజర్ చీఫ్స్ అని పేరు పెట్టుకున్నాడు. అట్లాంటా జట్టు ఎప్పుడో పోయింది, అది ఆడిన లీగు కూడా 1984తో ఆగిపోయింది. పేరు మాత్రం జొహానెస్‌బర్గ్‌లో బతికే ఉంది.

దక్షిణాఫ్రికా లీగులో పదహారు జట్లు. చిట్టచివర నిలిచిన జట్టు రెండో శ్రేణికి దిగిపోతుంది, అక్కడ గెలిచినది పైకి వస్తుంది. అందువల్ల అడుగున ఉన్న జట్ల మధ్య ఆట కూడా ఆఖరి రోజుదాకా రసవత్తరంగా ఉంటుంది.

అమెరికాలో ఆ నిచ్చెన లేదు. పాత లీగు విచ్చలవిడి ఖర్చుతో కూలింది కనుక, కొత్త లీగుని ఒకే కంపెనీగా కట్టారు. ఆటగాళ్ళ ఒప్పందాలు లీగుతోనే, జీతాలకి పరిమితి ఉంది, కొత్త జట్టు రావాలంటే రుసుము కట్టాలి. పది జట్లతో మొదలై 2025కి ముప్ఫై అయ్యాయి. ఓడినా ఎవరూ కిందికి పడరు.

పడరు గానీ, ఊరు మారతారు. 2005 సీజన్ అయ్యాక శాన్ హొసే ఆటగాళ్ళంతా హ్యూస్టన్ తరలిపోయారు. పేరు, రంగులు, గెలిచిన కప్పుల చరిత్ర శాన్ హొసేకే ఉంచారు కాబట్టి 2008లో జట్టు మళ్ళీ మొలిచింది. 2017లో కొలంబస్ జట్టుని ఆస్టిన్‌కి తీసుకుపోతామన్నప్పుడు అభిమానులు ఉద్యమించారు, ఒహాయో రాష్ట్రం కోర్టుకెక్కింది, చివరికి స్థానిక యజమానులు ముందుకొచ్చారు. అదే కొలంబస్ 2020లో, 2023లో కప్పు గెలిచింది.

అలాగని నిచ్చెన ఉంటే చాలనుకోకండి. 1921లో పుట్టి, 2017లో విజేతగా నిలిచిన బిడ్‌వెస్ట్ విట్స్ తన స్థానాన్ని 2020లో అమ్ముకుంది. దాంతో ఆ జట్టు చరిత్రలో కలిసిపోయింది.

మన హైదరాబాదు సంగతీ అంతే. రహీం సాబ్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన ఊరది. 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ చాలావరకు అమెరికా పద్ధతే పట్టింది. 2022లో ఆ లీగు కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

లెక్కలు యజమాని చేతిలో ఉంటాయి, జ్ఞాపకం ఊరి చేతిలో ఉంటుంది. నిలబడిన జట్లన్నిటికీ వెనక పట్టు వదలని ఊరు కనిపిస్తోంది. మీ ఊళ్ళో జట్టుంటే ఈసారి పిల్లలతో వెళ్ళి చూడండి. ఊరు మనదని చెప్పుకోడానికి అదీ ఒక దారే.