పగులుకు పగ్గం వేసే నలుసులు

పింగాణీ కప్పు చేయి జారితే ముక్కలే కదా! మరి అరిగిన తుంటికీలు బదులు అమర్చిన అల్యూమినా బంతి ఒంట్లోనే పగిలితే? అదీ పింగాణీ జాతిదే. 1970 నుంచీ వాడుకలో ఉంది.

అల్యూమినా పొడిని అచ్చులో అదిమి, కరగనివ్వకుండా సుమారు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాలిస్తే రేణువులు అతుక్కుంటాయి. చిక్కేమిటంటే, పెద్ద రేణువులు చిన్నవాటిని మింగి ఇంకా బలుస్తాయి. అవి బలిసినకొద్దీ బంతి బలం తగ్గుతుంది!

అందుకే ఇప్పుడు జిర్కోనియా పొడి కూడా కలుపుతున్నారు. ఆ నలుసులు అల్యూమినా రేణువుల సరిహద్దుల్లో అడ్డుపడి వాటిని పెరగనివ్వవు. పైగా, పగులు సమీపించగానే జిర్కోనియా స్ఫటికాలు రూపు మార్చుకుని, సుమారు 4 శాతం ఉబ్బి, దాన్ని నొక్కిపడతాయి. ఈ గుణాన్ని 1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో వెల్లడించారు.

నలుసులు మరీ పెద్దవైతే మాత్రం, చల్లారేటప్పుడే ఉబ్బి తామే పగుళ్ళు తెస్తాయి.