గిడ్డంగి రసీదు – రైతు మూలధనము

పంట చేతికి వచ్చు వేళకే అప్పుల గడువును వచ్చును. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప రైతు కల్లమెత్తిన వెంటనే టిక్కీలను యార్డుకు తోలుటకు ఇదియే ముఖ్య కారణము. అందరును ఒక్కమారే అమ్మజూచినచో ధర దిగుట సహజము.

సరుకు నమ్మకుండగనే దానిపై ధనము పొందు మార్గ మొకటి కలదు. 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగిలో సరుకు నుంచినచో, దాని తూకమును, నాణ్యతను తెలుపు రసీదు లభించును. ఆ రసీదును బ్యాంకులో కుదువపెట్టి ఋణము తీసికొనవచ్చును. సరుకును కదల్పకయే ఇతరులకు బదలాయింపవచ్చును. 2017 నుండి ఈ రసీదులు ఎలక్ట్రానిక్ రూపమున లభించుచున్నవి. తూర్పు ఆఫ్రికాలోని ఇథియోపియా దేశము 2008లో ప్రారంభించిన సరకుల ఎక్స్ఛేంజిలో కాఫీ క్రయవిక్రయములకును గిడ్డంగి రసీదులే ఆధారమయ్యెను.

అయినను రసీదు ధరకు హామీ కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోగా, కేంద్ర ప్రభుత్వము జోక్యము చేసికొని క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయింపవలసి వచ్చెను. సరుకు దాచిన కొలదియు వడ్డీయు, శీతల గిడ్డంగి అద్దెయు పెరుగుచునే యుండును. కావున పంటలో కొంత అమ్మి, ఒత్తిడిగల అప్పు తీర్చి, మిగిలినదానినే దాచుట మేలని మేము తలంతుము. ఎన్ని నెలలు ఆగిన ఎంత ఖర్చగునో ముందుగనే లెక్క వేసికొనవలెను.