నీట తేలికపడే కాళ్ళు

పులివెందుల పరిసరాలలో గొర్రెల మంద వెంట నడిచే కుక్క వట్టి పెంపుడు జంతువు కాదు. రాత్రివేళ కాపరికి అది రెండవ చెవి. అటువంటి కుక్క దారిలో లారీ తగిలి వెనుక కాళ్ళు చచ్చుబడి పడిపోతే, "దీని పని అయిపోయింది" అంటారు. ఆ మాట అన్నివేళలా నిజం కాదు.

బావిలో చేద నీట మునిగి ఉన్నంతసేపు తేలిక; నీటిపైకి రాగానే బరువు. ఇది మనమెరిగినదే గదా! కుక్కలకు చేసే జలచికిత్సకు మూలం ఇదే. నిలుచున్న కుక్కకు వెనుకకాలి మడమ కీలుదాకా నీరున్నప్పుడు కాళ్ళపై పడే బరువు నూటికి 91 పాళ్ళు. మోకాటిదాకా అయితే 85. తుంటిదాకా అయితే 38 మాత్రమే. కాబట్టి నీటి లోతు మార్చి, బలహీనమైన కాలు ఎంత బరువు మోయగలదో అంతే మోయించవచ్చు. తొట్టి అడుగున కదిలే పట్టాపై నడిపించుట ఒక పద్ధతి, ఈదించుట మరొకటి. గోరువెచ్చని నీరు కండరాల బిగువును సడలిస్తుంది. ఎదురొత్తే నీరు వాటికి బలమిస్తుంది.

అయితే ముందు వైద్యుడు చూడవలె. అతడు కాలివేలిని గట్టిగా నొక్కుతాడు. కుక్క కాలు లాగుకొన్నంత మాత్రాన చాలదు. తల త్రిప్పి మూలిగితేనే నొప్పి మెదడుకు చేరుతున్నదని గుర్తు, ఆశ ఎక్కువ. మానని గాయం, జ్వరం, గుండె జబ్బు ఉన్న కుక్కను నీటిలో దింపరాదు. ఇట్టి సలహాకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉన్నది.

పర్నపల్లె వద్ద చిత్రావతి జలాశయం ఉన్నది గదా అని కుక్కను అందులోనికి తోయరాదు. చచ్చుబడిన కాళ్ళతో అది మునిగిపోతుంది. వైద్యుడు సరేనంటే, పశువుల తొట్టిలో, కడుపు క్రింద తుండుగుడ్డ వేసి పట్టుకొని, అలసట కనబడగానే బయటికి తీయవలె.

కడవలు లెక్కబెట్టి నీరు వాడుకొన్న సీమ ఇది. కుక్క కొరకు తొట్టెడు నీళ్ళా అని ఎవరైనా అడుగవచ్చు. ఆ నీరే సాయంత్రం చీనీచెట్టు పాదులో పోయవచ్చు. నీరు ఎక్కడికీ పోదు. మందకు కావలి మాత్రం తిరిగి రావచ్చు.